వేసవిలో హరితగృహము: నీడయు, చల్లదనమును



ఢిల్లీలో కాపురమున్న తెలుగు గృహిణులకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. జ్యేష్ఠమాసపు ఎండలో గదిని చల్లబరచిన కూలరు, ఆషాఢమున వానలు పడగానే ఉక్కను మాత్రమే మిగుల్చును. హరితగృహములో కూరగాయలు పండించువారి వేసవి చిక్కులో సగము ఈ కూలరులోనే ఇమిడియున్నది.

పాలిథిన్ కప్పు వెలుతురును లోనికి రానిచ్చును. వేడిమిని సులభముగా వెలుపలికి పోనీయదు. శీతకాలమున ఇది వరము. మే నెలలో వెలుపల 42 డిగ్రీలున్నపుడు గాలి ఆడని ఇంటిలో 50 దాటుట వింత కాదు. టొమాటో మొక్క చావకపోవచ్చును. గాని పగలు 35, రాత్రి 25 డిగ్రీలు మించిన వేడి కొన్నాళ్లు సాగినచో పుప్పొడి చెడి పూత రాలిపోవును. మొక్క పచ్చగా ఏపుగా నుండును, కాయ ఉండదు. సేద్యమునకు క్రొత్తవారిని మోసగించునది ఈ పచ్చదనమే.

మొదటి ఉపాయము నీడ. తెలుగువారికి ఇది క్రొత్త కాదు. గుంటూరు ప్రాంతపు తమలపాకు తోటలలో అవిసె చెట్టు తీగకు ఆధారమును, నీడను గూడ ఇచ్చును. హరితగృహమున ఆ పని షేడ్‌నెట్టు చేయును. కూరగాయలకు 35 మొదలు 50 శాతము నీడ చాలును. 75 శాతపు వల కట్టినచో మొక్క సన్నగా సాగి కాపు తగ్గును. వలను కప్పునకు పైన, కొంత యెడముగా కట్టవలెను. లోపల కట్టిన నల్లవల ఎండను త్రాగి, ఆ వేడిని ఇంటిలోనే విడుచును. మబ్బు పట్టిన దినములలో దానిని తొలగించు ఓపికయు ఉండవలెను. స్పెయిన్ దేశమున అల్మెరియా రైతులు కప్పునకు సుద్ద వంటి తెల్లని పూత పూయుదురు. ఖర్చు స్వల్పము.

రెండవది నీటి చల్లదనము. పూర్వము ఢిల్లీ కచేరీల గుమ్మములకు కట్టిన వట్టివేళ్ల తడికల సూత్రమే ఇది: ఒక గోడకు తడిసిన మెత్తలు, ఎదుటి గోడకు పెద్ద పంకాలు. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతము ఉన్నపుడు మంచి మెత్త ఆ గాలిని ఇంచుమించు 28 డిగ్రీలకు దింపగలదు. అదే మెత్త కోస్తాలో 36 డిగ్రీలు, 65 శాతము తేమలో 31 కన్న క్రిందికి దింపలేదు.

ఈ లెక్క ఈ సభలో చెప్పుటకు కారణమున్నది. పదవీ విరమణానంతరము భవిష్యనిధి సొమ్ముతో స్వగ్రామమున పాలీహౌసు వేయదలచిన ఉద్యోగులు కలరు. ప్రభుత్వపు రాయితీ కట్టడపు ఖర్చులో కొంత భరించును; నెలనెలా వచ్చు కరెంటు బిల్లును భరించదు. మధ్యాహ్నము రెండు గంటలకు పంకాలు ఆగినచో, మూసియున్న ఇల్లు కొద్దిసేపటిలో పొయ్యి యగును. నీరు ఉప్పనైనచో మెత్తలు పెట్టుకట్టి గాలి ఆడదు.

కావున పెక్కుమందికి పంకాలు లేని, పైకప్పున గాలికిటికీలు గల ఇల్లే తగును. కిటికీలకు తెల్లదోమను ఆపు వల బిగింపక తప్పదు. వల సన్నమైన కొలది గాలి తగ్గును గనుక కిటికీలను పెద్దవి చేయవలెను. ఉత్తరాదిని అట్టి ఇంటిలో మే, జూన్ నెలలందు పంట పెట్టకుండుటయు సేద్యమే. అపుడు నేలను తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పరచి, అంచులను మట్టితో కప్పి, నాలుగు నుండి ఆరు వారములు ఎండకు విడువవలెను. వేళ్లకు బుడిపెలు కట్టించు నులిపురుగులును, నేలలోని తెగులు బీజములును చాలవరకు నశించును. వానలు వచ్చిన పిదప ఆ పాలిథిన్ తీసి నారు నాటుకొనవచ్చును.