షార్జాలో నాన్న, దుబాయ్‌లో మేము

మాది కోనసీమలో వాడపల్లి. ఆయ్, ఏడు శనివారాల వెంకన్న వాడపల్లే! ఊరి పేరు ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు గొడవ అక్కడే మొదలైంది. టికెట్లు బుక్ చేసింది నేనే. రేటు చూశాను, టైము చూశాను, వారం మాత్రం చూసుకోలేదు. శనివారం పడింది! ఏడు వారాల మొక్కు ఉన్నవాళ్లంతా తెల్లారకముందే దిగిపోతారు. లోకమంతా ఊళ్లోకి వస్తుంటే మేమిద్దరం పెట్టెలేసుకుని ఎదురు వెళ్తున్నాం. కారు అడుగు కదలట్లేదు. అమ్మ లోపలినుంచే గుడి వైపు దండం పెట్టి, "స్వామీ, మీ జనాన్ని కొంచెం పక్కకి జరపండి" అంది.

ముందు నాన్న గురించి చెప్పాలి. 2018లో షార్జా వెళ్లారు, డ్రైవరు పనికి. నేను అప్పుడు ఎనిమిదో క్లాసు. రెండేళ్లలో వచ్చేస్తానన్నారు. 2020లో కరోనా వచ్చింది. తర్వాత కంపెనీ మూతపడింది, జీతం బకాయి పోయింది, ఇంకో చోట మళ్లీ మొదటినుంచి. అక్క పెళ్లి కూడా ఫోన్లోనే చూశారు. వస్తే రానూపోనూ ఖర్చు, పైగా రెండు నెలల జీతం పోతుందని వాయిదా వేస్తూ ఆరేళ్లు గడిపేశారు. అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు కదా, అందుకని బోటిమ్ యాప్. ఆరేళ్లుగా నాకు నాన్నంటే బోటిమ్‌లో మసకమసగ్గా కనపడే మొహం, దాని మీద కంపెనీ టోపీ. ఆయన రాకపోతే మనమే వెళ్దాం అన్నాను. అమ్మ డ్వాక్రా లోను, నా ఛానల్ డబ్బులు కలిపి టికెట్లు, విజిట్ వీసాలు తీశాం.

బొబ్బర్లంక, ధవళేశ్వరం బ్యారేజీ దాటి మధురపూడి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తుకుంటూ చేరితే, అక్కడ పెట్టె ఆపేశారు. లోపల కురిడీలు! మా పెరటి చెట్టు కాయలు, అటక మీద ఏడాది ఉంచి ఎండబెట్టినవి, నాన్న కోసం. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే వస్తువు కింద లెక్క, విమానంలో కుదరదన్నారు. కోనసీమ వాళ్లకి కొబ్బరి కుదరదంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. కానీ ఆ పెట్టె తెరవడం మంచిదైంది. మసాలా డబ్బాలో గసగసాల పొట్లం కనపడింది. మనం కోడికూరలో వేసుకునేవే, యూఏఈలో మాత్రం నిషేధం. మత్తుమందు కేసు పెడతారు, జైలుకి వెళ్లినవాళ్లున్నారు. దయచేసి మీ అమ్మలు సర్దిన ప్రతి డబ్బా మూత తీసి చూడండి.

అక్కడినుంచి హైదరాబాద్ గంట ప్రయాణమే. కానీ పొగమంచు. తొమ్మిదింటి విమానం పన్నెండున్నరకి లేచింది. శంషాబాద్‌లో దిగేసరికి షార్జా ఫ్లైటు కౌంటరు మూసేశారు. నేను చేసిన తప్పేంటంటే, రెండు టికెట్లూ విడివిడిగా కొన్నాను, నాలుగు డబ్బులు మిగులుతాయని. ఒకే బుకింగ్ అయితే తర్వాతి ఫ్లైటు చూపించే బాధ్యత వాళ్లది. విడిగా కొంటే మొదటిది లేటైనా రెండోదానికి సంబంధం లేదు, మన డబ్బు పోయినట్టే. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఇంటికి వెళ్లిపోదామా అన్నాను, నిజంగానే అన్నాను. అమ్మ ఫోన్ లాక్కుని, "ఇంకో బండి ఎన్నింటికుందో చూడు" అంది. అమ్మ దృష్టిలో అది కూడా బస్సే! రాత్రి తొమ్మిదికి దుబాయ్‌కి ఉంది. రెండు టికెట్లు నలభై ఒక్క వేలు. నా ఛానల్ ఖాతా అక్కడితో ఖాళీ.

ఇమ్మిగ్రేషన్ దగ్గర నన్ను పంపేశారు, అమ్మని ఆపారు. అమ్మ పది పాసవ్వలేదు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్తే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి. చూసి రావడానికైతే అక్కర్లేదు. మరి ఎందుకు ఆపారంటే, మన గోదావరి జిల్లాల ఆడవాళ్లని ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేసి ఇళ్లలో పనికి పెడుతున్నారు కాబట్టి. ఆ ఆఫీసరు మీద నాకు కోపం లేదు. మా వీధిలోనే అలా వెళ్లినవాళ్లున్నారు. కానీ గాజు అవతల అమ్మ ఒక్కత్తే నిలబడి, పెళ్లి సర్టిఫికెట్టు, రిటర్న్ టికెట్టు, నాన్న ఎమిరేట్స్ ఐడీ కాపీ ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే నా కాళ్లు వణికాయి. ఇరవై నిమిషాలు. బయటికొచ్చి, "మా ఆయన్ని చూడ్డానికి ఇన్ని కాగితాలేంట్రా" అంది. అంతే.

నాన్నకి మెసేజ్ పెట్టాను: "రాత్రి 11:30కి దుబాయ్‌లో దిగుతాం". దిగాం. బయటికొచ్చాం. నాన్న లేరు. వైఫై పట్టుకుని బోటిమ్ చేస్తే, "ఇక్కడే ఉన్నానురా, స్తంభం పక్కన" అన్నారు. మేమూ స్తంభం పక్కనే! చెయ్యెత్తమన్నారు, ఎత్తాను. పది నిమిషాలు అలా తిరిగాక అనుమానమొచ్చి, బోర్డు మీద ఏం రాసుందో చదవమన్నాను. షార్జా! మనవాళ్లు ఎక్కడికెళ్లినా దుబాయ్ అనే అంటారు కదా, నేనూ అలాగే అన్నానని, టైము మాత్రమే మారిందని అనుకున్నారట. ఆరేళ్లు ఆగినవాళ్లం ఇంకో గంట ఆగాం.

స్నేహితుడి కారులో వచ్చారు. నేను కెమెరా ఆన్ చేద్దామనే అనుకున్నాను. చెయ్యలేదు. కాబట్టి ఈ వీడియోలో ఆ సీన్ ఉండదు, సారీ. కారు దిగిన మనిషికి జుట్టు మొత్తం తెలుపు. అమ్మ కాసేపు చూసి, "టోపీ ఏదండీ?" అంది.

"కంగారులో మర్చిపోయానే" అన్నారు. నా తల మీద చెయ్యి పెట్టబోయి, అందక, భుజం మీద పెట్టారు.

కారులో అరగంట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. షార్జా దగ్గరపడ్డాక ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి మెల్లగా అడిగారు: "కురిడీలు తెచ్చారా?"

అమ్మ నా వైపు చూసింది.