చేస్తూ ఉంటేనే చెయ్యి తిరుగుతుంది

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు విన్నాం. నేను ప్రాణానికి సంబంధించిన ముక్క ఒకటి చెప్తాను.

సీపీఆర్ గురించి మనలో చాలామంది విన్నారు. కొందరు ట్రైనింగ్‌కీ వెళ్లొచ్చారు. మరి ఇవేళ ఎవరైనా కళ్ల ముందే పడిపోతే ఎంతమందిమి చెయ్యగలం?

సంఘం పుస్తకాలు రాయడం మనకి ఎలా వచ్చింది? ట్రైనింగ్ ఒకట్రెండు రోజులే. నెలనెలా రాస్తున్నాం గనక చెయ్యి తిరిగింది. సీపీఆర్ అవసరం నెలనెలా రాదు. అందుకే మర్చిపోతాం. నేర్చుకున్న మూడు నుంచి ఆరు నెలల్లోనే ఆ పనితనం తగ్గిపోతుందని పరిశోధనల్లో తేలింది. డాక్టర్లకి, నర్సులకీ అంతే. అందుకే కొన్ని దేశాల ఆస్పత్రుల్లో రెండేళ్లకోసారి కాకుండా మూడు నెలలకోసారి కాసేపు చేయిస్తున్నారు.

ఒకసారి గుర్తు చేసుకుందాం. మనిషికి ఉలుకూ పలుకూ లేదు, ఊపిరి లేదు, లేదా ఎగశ్వాస తీస్తున్నాడు. వెంటనే ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఒకరు ఛాతీ మధ్యన రెండు చేతులూ పెట్టి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడొద్దు. ఎముక అతుక్కుంటుంది, పోయిన ప్రాణం తిరిగి రాదు.

కరెంటు షాకైతే ముందు కరెంటు ఆపాలి. మన భావనపాడు, కళింగపట్నం తీరాల్లో ఎవరైనా మునిగిపోతే నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కొద్దు. ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తర్వాత ఛాతీ నొక్కాలి.

ఎంత లోతు నొక్కుతున్నామో మనకెలా తెలుస్తుంది? పక్కనున్నవాళ్లు బాగుంది అంటే సరిపోదు. దీనికి బొమ్మ ఉంది. 1960లో నార్వేలో ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ అనే ఆయన తయారు చేశాడు. ఇప్పటి బొమ్మల్లో ఫీడ్‌బ్యాక్ పరికరం ఉంటుంది. సరిగ్గా నొక్కితే టక్కుమంటుంది, లేదా లైటు వెలుగుతుంది. నిదానమైనా, తొందరైనా చూపిస్తుంది. 2019 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెద్దవాళ్ల సీపీఆర్ క్లాసుల్లో దీన్ని తప్పనిసరి చేసింది.

మనకెందుకు ఇదంతా అనొద్దు. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయినా మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లకి బండి రావాలంటే టైం పడుతుంది. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల నుంచే మెదడు దెబ్బతింటుంది. ఆ నిమిషాలు పక్కింటోళ్ల చేతిలోనే ఉంటాయి. ఇంకో సంగతి. బయట ఆడమనిషి పడిపోతే మగోళ్లు చెయ్యి వెయ్యడానికి జంకుతారు. అప్పుడు మనమే దిగాలి.

అందుకని మూడు అడుగుతున్నాను. ఒకటి, మండల సమాఖ్య డబ్బుతో ఫీడ్‌బ్యాక్ ఉన్న బొమ్మ ఒకటి కొని ఊరూరా తిప్పాలి. రెండు, మూడు నెలలకోసారి సంఘం మీటింగులో ప్రతి ఒక్కరూ రెండు నిమిషాలు నొక్కాలి, పక్కన ట్రైనింగ్ పొందిన నర్సమ్మ ఉండాలి. మూడు, ఎవరు చేశారు, లైటు ఏం చూపించిందన్నది పుస్తకంలో రాయాలి.

అప్పు వాయిదా మర్చిపోతే వచ్చే నెల కట్టుకుంటాం. ఇది అలాంటిది కాదు. తీర్మానానికి చేతులెత్తి మద్దతివ్వండి. సెలవు.