మూడేళ్ళు బెంచీ, తర్వాత ఒక్క సీజన్: ఎల్‌ఎస్‌యూ టైగర్స్ 2019 కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక కాలేజీ టీమ్ గురించి. కాలేజీ టీమ్ అంటే ఏదో ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ అనుకోకండి. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ అని ఉంది, అందరూ ఎల్‌ఎస్‌యూ అంటారు, బేటన్ రూజ్ అనే ఊళ్ళో. ఆ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా రెండు వేల మంది కూర్చోవచ్చు. స్టేడియం ఎదురుగా ఒక నిజమైన పులి ఉంటుంది. బొమ్మ కాదండి, ప్రాణం ఉన్న పులి. పేరు మైక్. టీమ్ పేరు టైగర్స్ కాబట్టి క్యాంపస్‌లోనే పులిని పెంచుతున్నారు. మన కాలేజీల్లో క్యాంటీన్ దగ్గర కుక్కలుంటాయి, వాళ్ళకి పులి ఉంది, అంతే తేడా.

మీ అన్నయ్యో అక్కో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళి ఉంటే ఈ విషయం చెప్పే ఉంటారు. సెప్టెంబర్ వచ్చిందంటే శనివారం ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో కనిపిస్తుంది, క్యాంపస్ దగ్గర కారు పార్కింగ్ దొరకదు. అదంతా ఈ ఆట కోసమే.

ఆట రూల్స్ ఒక్క నిమిషంలో చెప్పేస్తా, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. గ్రౌండ్ పొడవు వంద గజాలు, మన ప్లాట్లు కొలిచే గజాలే. బంతి మీ దగ్గరుంటే నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు. లేకపోతే బంతి అవతలివాళ్ళది. అంటే ప్రతి నాలుగు బంతులకీ ఒక చిన్న ఛేజ్ అన్నమాట. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఎవరికి పాస్ వెయ్యాలో రెండు మూడు సెకన్లలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. ఎదురుగా నూట ముప్ఫై కిలోల మనిషి మీద పడటానికి వస్తుంటాడు, ఆ లోపల నిర్ణయం అయిపోవాలి.

ఇప్పుడు కథలోకి వద్దాం. జో బర్రో. ఒహాయో రాష్ట్రంలో ఆథెన్స్ అనే చిన్న ఊరి దగ్గర పెరిగాడు. నాన్న జిమ్మీ బర్రో అక్కడి యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్. ఈ అబ్బాయికి ఒహాయో స్టేట్ అనే చాలా పెద్ద టీమ్‌లో చోటు దొరికింది. దొరికింది కానీ ఆడే అవకాశం దొరకలేదు. 2015 నుంచి 2017 వరకు, మూడేళ్ళలో మొత్తం వేసిన పాసులు ఎన్నో తెలుసా? 39. కొంతమంది ఒక్క మ్యాచ్‌లో అన్ని వేస్తారు. 2017లో, సీజన్ మొదలయ్యే ముందే, చేతి ఎముక విరిగింది. ఆ గ్యాప్‌లో ఇంకో కుర్రాడు ముందుకెళ్ళిపోయాడు. బర్రో డిగ్రీ మాత్రం మూడేళ్ళలోనే పూర్తి చేశాడు, ఆ డిగ్రీయే అతన్ని కాపాడింది. అప్పటి రూల్ ప్రకారం గ్రాడ్యుయేట్ అయినవాళ్ళు ఇంకో యూనివర్సిటీకి మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని ఉండేది కాదు, వెంటనే ఆడగలిగేవాళ్ళు. 2018 మే నెలలో ఎల్‌ఎస్‌యూకి వచ్చేశాడు.

అక్కడ కోచ్ ఎడ్ ఓర్జరాన్. ఈయన కథ ఇంకో సినిమా. లూసియానాలో నీళ్ళ మధ్య ఉండే లరోజ్ అనే పల్లె. కుర్రాడిగా ఉన్నప్పుడు ఎల్‌ఎస్‌యూలోనే ఆడటానికి వచ్చి, ఇంటి మీద బెంగతో కొన్ని వారాలకే తిరిగి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న టెలిఫోన్ కంపెనీలో చేసేవాడు, కొడుక్కి అక్కడే కందకాలు తవ్వే పని ఇప్పించాడు. ఎండలో పార పట్టుకున్నాక కాలేజీ విలువ తెలిసొచ్చిందట, ఇంకో కాలేజీలో చేరాడు. పెద్దయ్యాక మిసిసిపీ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా పనిచేస్తే మూడేళ్ళకి తీసేశారు. కాలిఫోర్నియాలో ఇంకో టీమ్‌కి తాత్కాలిక కోచ్‌గా ఎనిమిదిలో ఆరు గెలిపించాడు, అయినా పర్మనెంట్ చెయ్యలేదు. 2016లో ఎల్‌ఎస్‌యూ పాత కోచ్‌ని సీజన్ మధ్యలో తీసేసినప్పుడు ఈయన మళ్ళీ తాత్కాలికమే. గొంతు చూస్తే కంకర రోడ్డు మీద లారీ వెళ్ళినట్టుంటుంది. టీవీలో ఆ గొంతుని వెక్కిరించేవాళ్ళు. ఈసారి మాత్రం ఉద్యోగం ఇచ్చారు.

2018 సీజన్ ఫర్వాలేదు, పది గెలిచారు, మూడు ఓడారు. కానీ అలబామా చేతిలో సొంత గ్రౌండ్‌లో 29-0. సున్నా! అలబామా మీద అది వరసగా ఎనిమిదో ఓటమి. ఓర్జరాన్‌కి అర్థమైంది, పాతకాలం ఆట ఆడితే ఇక కుదరదని. న్యూ ఓర్లీన్స్ ప్రొఫెషనల్ టీమ్ నుంచి జో బ్రాడీ అనే 29 ఏళ్ళ కుర్రాణ్ణి తెచ్చి పాసింగ్ ఆట ప్లాన్ చేసే పని అప్పజెప్పాడు. పైన అనుభవజ్ఞుడు స్టీవ్ ఎన్స్‌మింగర్, ఆయన కుర్రాడిగా ఇదే టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్. ఒక పెద్దాయన, ఒక కుర్రాడు కలిసి కూర్చుని ప్లాన్ గీశారు. నా దృష్టిలో ఆ సీజన్ సగం అక్కడే గెలిచారు. యాభై ఏళ్ళు దాటిన కోచ్, అలవాటైన పద్ధతి మొత్తం పక్కన పెట్టడం చిన్న విషయం కాదు.

2019 సెప్టెంబర్ 7, టెక్సాస్‌తో వాళ్ళ ఊళ్ళో మ్యాచ్. రెండున్నర నిమిషాలు మిగిలున్నాయి, ఎల్‌ఎస్‌యూ ఆరు పాయింట్లు ముందుంది. మూడో ఛాన్స్, కావాల్సింది 17 గజాలు. మామూలుగా అయితే టైమ్ తినడానికి ఒక పరుగు తీసి, తర్వాత బంతి తన్నేస్తారు. పాత ఎల్‌ఎస్‌యూ అయితే అదే చేసేది. బర్రో ఒక అడుగు పక్కకి జరిగి జస్టిన్ జెఫర్సన్‌కి వేశాడు, అతను 61 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. 45-38తో గెలిచారు. ఈ జెఫర్సన్ అన్నలిద్దరూ అదే టీమ్‌కి ఆడినవాళ్ళే, తమ్ముణ్ణి మాత్రం స్కూల్ రోజుల్లో పెద్ద కాలేజీలేవీ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత వరసగా 65, 66, 42, 42... ఇలా కొడుతూ పోయారు. అవన్నీ చెప్తూ కూర్చోను. నాకు నచ్చిన మ్యాచ్ ఆబర్న్‌ది. 23-20. అందరూ పెద్ద స్కోర్ల గురించే మాట్లాడతారు గానీ, ఆ రోజు ఏదీ సులువుగా రాలేదు, అయినా గెలిచారు. ఇంకోటి నిజం చెప్పుకోవాలి, వాళ్ళ డిఫెన్స్ మధ్యలో బాగా తడబడింది. మిసిసిపీ మీద 58 కొట్టారు, కానీ 37 ఇచ్చారు కూడా.

నవంబర్ 9, అలబామా, మళ్ళీ వాళ్ళ గ్రౌండ్‌లోనే. హాఫ్ టైమ్‌కి ఎల్‌ఎస్‌యూ 33-13. అయిపోయింది అనుకున్నారు, కాలేదు. అలబామా ఒక్కో మెట్టూ ఎక్కుతూ 39-34 దాకా వచ్చేసింది. ఎనిమిది ఓటముల జ్ఞాపకం ఎక్కడికి పోతుంది చెప్పండి? అప్పుడు క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలెయిర్, బేటన్ రూజ్ కుర్రాడే, ఆ ఆటకి పొట్టివాడు, మీద పడ్డవాళ్ళని ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఆ రోజు నాలుగు టచ్‌డౌన్లు అతనివే. 46-41. బర్రోని భుజాల మీద మోసుకెళ్ళారు.

సొంత గ్రౌండ్‌లో చివరి మ్యాచ్ రోజు బర్రో జెర్సీ మీద తన పేరు స్పెల్లింగ్ మార్చుకుని వచ్చాడు. లూసియానాలో పాత ఫ్రెంచి వాళ్ళ అలవాటు, ‘ఓ’ అనే శబ్దానికి నాలుగు అక్షరాలు రాస్తారు. ఒహాయో కుర్రాడు తన ఇంటిపేరు చివర ఆ నాలుగు అక్షరాలు పెట్టుకున్నాడు. స్టేడియం ఊగిపోయింది. మన ఊరికొచ్చి మన యాసలో పేరు రాసుకుంటే మనం వదిలిపెడతామా?

డిసెంబర్ 14న హైస్‌మన్ ట్రోఫీ, అంటే ఆ ఏడాది దేశంలో బెస్ట్ కాలేజీ ప్లేయర్. ఎల్‌ఎస్‌యూకి 1959 తర్వాత ఇదే. స్టేజి మీద ఏడుస్తూ మాట్లాడాడు. తన ఊరి వైపు చాలా పేదరికం ఉందని, స్కూల్ నుంచి ఇంటికెళ్తే తినడానికి సరిగా ఉండని పిల్లలు ఉన్నారని, వాళ్ళ తరఫున ఇక్కడ నిలబడ్డానని చెప్పాడు. ఊరివాడు ఒకతను ఆన్‌లైన్‌లో చిన్న టార్గెట్‌తో విరాళం పేజీ పెట్టాడు. అక్కడ పేదలకి సరుకులిచ్చే సంస్థకి 5 లక్షల డాలర్లు దాటి వచ్చాయి.

డిసెంబర్ 28, సెమీఫైనల్. ఆ రోజు ఉదయం లూసియానాలో ఒక చిన్న విమానం కూలిపోయింది. ఎన్స్‌మింగర్ గారి కోడలు అందులో ఉంది, ఆ మ్యాచ్‌కే బయల్దేరింది. ఆయనకి మ్యాచ్‌కి ముందు ఈ కబురు తెలిసింది. అయినా వెళ్ళి పైన కోచ్‌ల గదిలో కూర్చుని ఆట నడిపించాడు. హాఫ్ టైమ్‌కి బర్రో ఏడు టచ్‌డౌన్ పాసులు వేశాడు, ఓక్లహోమా మీద 63-28. స్కోర్ బోర్డు అలా తిరుగుతుంటే ఆ మనిషి లోపల ఏముందో... నేను ఆ మ్యాచ్ క్లిప్స్ చూసిన ప్రతిసారీ బర్రో వైపు కాదు, ఆ పై గది వైపే నా ధ్యాస.

ఫైనల్ 2020 జనవరి 13, న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్. బేటన్ రూజ్‌కి నూట ముప్ఫై కిలోమీటర్లు, సొంత ఇల్లే అనుకోండి. ఎదుట క్లెమ్సన్, వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి వస్తోంది. మొదట ఎల్‌ఎస్‌యూ ఆట అసలు కదల్లేదు, 17-7 వెనక పడ్డారు. ఆ సీజన్‌లో అంత వెనక పడటం వాళ్ళకి కొత్త. హాఫ్ టైమ్‌కి ముందే మూడు టచ్‌డౌన్లు కొట్టి 28-17 చేశారు. జమార్ చేజ్ ఒక్కడే ఆ రాత్రి 221 గజాలు. చివరికి 42-25. పదిహేనుకి పదిహేను. మూడేళ్ళలో 39 పాసులు వేసినవాడు ఆ ఒక్క సీజన్‌లో 60 టచ్‌డౌన్ పాసులు వేశాడు, అప్పటికి అది రికార్డు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పకుండా దాటలేను, డబ్బు. గెలిచాక గ్రౌండ్‌లోనే పాత ఎల్‌ఎస్‌యూ ఆటగాడు, పెద్ద స్టార్ ఓడెల్ బెక్‌హమ్ కుర్రాళ్ళ చేతుల్లో నోట్లు పెట్టాడు. ముందు దొంగనోట్లన్నారు, తర్వాత బర్రోనే అసలువే అని చెప్పేశాడు. పెద్ద గొడవైంది, బెక్‌హమ్‌ని రెండేళ్ళు అక్కడి స్పోర్ట్స్ సదుపాయాల్లోకి రానివ్వలేదు. ఎందుకంటే అప్పటి రూల్ ప్రకారం కాలేజీ ఆటగాళ్ళకి స్కాలర్‌షిప్పే, చేతికి డబ్బు ముట్టకూడదు. అదే జనవరిలో కోచ్‌కి ఆరేళ్ళకి 4.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. మోకాళ్ళు పణంగా పెట్టేది ఒకరు, కాంట్రాక్టు ఇంకొకరికి. నాకు ఇది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. 2021 జులై నుంచి రూల్ మారింది, ఆటగాళ్ళు తమ పేరు, ఫొటో మీద ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. ఈ టీమ్‌కి ఆ అవకాశం ఏడాదిన్నర ఆలస్యమైంది.

బర్రో మాత్రం 2020 డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద ఫస్ట్ పిక్, సిన్సినాటికి వెళ్ళాడు. ఆ టీమ్ నుంచి ఒకేసారి 14 మందిని ప్రొఫెషనల్ టీమ్‌లు తీసుకున్నాయి. బ్రాడీ కూడా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఎల్‌ఎస్‌యూ ఐదు గెలిచి ఐదు ఓడింది. 2021 అక్టోబర్ కల్లా ఓర్జరాన్ వెళ్ళిపోవడం ఖాయమైపోయింది, దాదాపు 1.7 కోట్ల డాలర్లు చేతిలో పెట్టి మరీ పంపారు. కందకాలు తవ్విన మనిషి, కప్పు కొట్టిన రెండేళ్ళకే.

చూడాలనుకుంటే టెక్సాస్ మ్యాచ్ చివరి మూడు నిమిషాలతో మొదలుపెట్టండి, తర్వాత అలబామా నాలుగో క్వార్టర్. సౌండ్ పెట్టుకుని చూడండి, ఓర్జరాన్ గొంతు వినాలి కదా.