నెల తప్పకముందే వేసుకోవాల్సిన మాత్ర

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలి ప్రసంగం)

పొదుపులు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నారు. నేను ఒకే ఒక్క మాత్ర గురించి చెప్పి కూర్చుంటాను.

మా ఊళ్లో ఒక కోడలికి పుట్టిన మొదటి బిడ్డకు వెన్ను మీద సంచిలా ఉబ్బు ఉంది. కాళ్లు ఆడవు. గ్రహణం రోజు బయటికొచ్చావని, కత్తిపీట ముట్టుకున్నావని ఇంటిల్లిపాదీ ఆ పిల్లనే అన్నారు. ఆ మాటలు అంటుంటే నేనూ అక్కడే ఉన్నాను, తెలియక ఊరుకున్నాను.

కడుపులో బిడ్డకు మెదడు, వెన్నుపాము తయారయ్యే భాగం మొదట రేకులా ఉంటుంది. తర్వాత దాని అంచులు రెండూ కలిసి గొట్టంలా మూసుకుంటుంది. ఇదంతా గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. అంటే మనకు నెల తప్పి రెండు వారాలయ్యేసరికి ఆ పని అయిపోయినట్టే. కింది వైపు మూసుకోకపోతే నేను చెప్పిన బిడ్డలా పుడుతుంది. తల వైపు మూసుకోకపోతే ఆ బిడ్డ బతకదు. గ్రహణానికి, దీనికి సంబంధం లేదు. ఫోలిక్ యాసిడ్ చాలకపోవడం ఒక పెద్ద కారణం. అదొక్కటే అని అనను. అదుపులో లేని షుగరు, కొన్ని రకాల మూర్ఛ మందులు కూడా కారణమవుతాయి.

ఈ మందు కథ మనలాంటి పనివాళ్లతోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం తగ్గిపోయి ప్రాణం మీదికి వచ్చేది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే పదార్థం తినిపిస్తే కోలుకున్నారు. 1931లో ఆమె ఆ సంగతి రాసింది గానీ అందులో పనిచేసింది ఏమిటో అప్పటికి తెలియదు. తర్వాత దాన్ని పాలకూర నుంచి వేరుచేసి, ఆకు అనే లాటిన్ మాట మీద ఫోలిక్ యాసిడ్ అన్నారు. 1945లో దాన్ని మందుగా తయారుచేసింది అమెరికాలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన మన భీమవరంలో పుట్టినాయనే.

బిడ్డ వెన్నుకు దీనితో ఉన్న సంబంధం గట్టిగా తేలింది మాత్రం 1991లో. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులు 1,817 మంది, ఏడు దేశాల్లో, ఆ పరీక్షకు ఒప్పుకున్నారు. సగం మందికి ఫోలిక్ యాసిడ్, సగం మందికి అది లేని మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకు తెలియదు. మొత్తం 27 గర్భాల్లో మళ్లీ అదే లోపం కనిపించింది. అందులో మందు లేనివాళ్లవి 21, ఉన్నవాళ్లవి 6. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఆ 21 మంది తల్లులు నాకు తరచూ గుర్తొస్తారు.

మరి మనం ఏఎన్ఎం దగ్గర పేరు ఎప్పుడు రాయించుకుంటున్నాం? అత్తకు చెప్పడానికే నెలన్నర. కార్డు చేతికొచ్చేసరికి మూడో నెల. అప్పటికి గొట్టం పని ముగిసి చాలా రోజులవుతుంది. నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్ర మాత్ర రక్తం కోసం, అది తప్పకుండా మింగాల్సిందే. కానీ నేను చెప్పేది దానికంటే ముందుది. 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకొకటి, పిల్లలు కావాలనుకున్న రోజు నుంచి మూడో నెల నిండేదాకా. తోటకూర, పెసలు, శనగలు తినండి, ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి. అయినా ఈ పనికి తిండి ఒక్కటే సరిపోదు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. మన సంఘాల్లో పెళ్లి కోసం అప్పు అడిగినప్పుడు బంగారం గురించి, వంటల ఖర్చు గురించి గంట మాట్లాడతాం. ఆ రోజే ఆ పిల్లను సబ్ సెంటరుకు తీసుకెళ్లి ఈ మాత్ర గురించి అడిగించాలి. అప్పు ఇచ్చినట్టు తీర్మాన పుస్తకంలో రాసే చోటే ఇదీ రాయాలి. మా గ్రామ సంఘంలో ఈ ఏడాది మొదలుపెట్టాం. మొదట్లో కొందరు అత్తలు నవ్వారు.

ముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లికి ఈ మోతాదు చాలదు, పది రెట్లు ఎక్కువ కావాలి. అది డాక్టరు రాయాలి, మనంతట మనం వేసుకోకూడదు. మా ఊరి కోడలు రెండో బిడ్డ అనుకోకముందే వెళ్లి రాయించుకొచ్చింది. ఈసారి తోడు వెళ్లింది వాళ్ల అత్తే.