బండి వెనుక స్ప్రింగులు, ఇరుసు కడ్డీలు



బేతంచెర్ల నుండి నాపబండలు నింపుకొని వచ్చు లారీనిగాని, పులివెందుల తోటల నుండి అరటిగెలలతో బయలుదేరిన పికప్ బండినిగాని శ్రద్ధగా చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. ఖాళీగా నున్నప్పుడు బండి వెనుకభాగము కొంత ఎత్తుగా నిలిచియుండును. బరువు పడిన పిమ్మట దిగి సమమగును. ఎంత దిగవలెనో, ఏ దారిన దిగవలెనో బండిని చేసినవారు ముందుగనే లెక్కవేసి పెట్టియున్నారు. ఎంత యనునది స్ప్రింగు నిర్ణయించును. ఏ దారిన ననునది ఇరుసును పట్టియుంచు కడ్డీలు నిర్ణయించును. ఈ రెండింటికి గల పొత్తును గురించి నేడు ముచ్చటింపదలచినాము. ఏలయన, మేము చూచినంతలో, స్ప్రింగులు మార్పించుకొనువారు పెక్కుమంది. కడ్డీల మాట తలచువారు అరుదు.

పూర్వపు ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. ఇరుసునకును బండికిని నడుమ స్ప్రింగే లేదు గనుక దారిలోని ప్రతి రాయియు బండివాని నడుమునకు నేరుగా తెలిసెడిది. లారీకి కమాను కట్టలున్నవి. ఉక్కుబద్దలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ సెంటరు బోల్టు వేసి, యూ బోల్టులతో ఇరుసునకు బిగింతురు. కట్ట ముందుకొన పిన్నుతో చట్రమునకు స్థిరముగా తగిలియుండును. వెనుకకొన మాత్రము ఊగెడి షాకిలుకు వ్రేలాడును. బరువునకు కమాను చదునైనపుడు పొడుగు సాగును గనుక ఆ సాగుబాటునకు చోటు కావలెను. ఇందలి విశేష మేమనగా, బరువు మోయునదియు కమానే, ఇరుసును ముందువెనుకలకు పోనీక పట్టునదియు కమానే. రెండు పనులకు ఒకటే వస్తువు. అందుచేత లారీవారు ఒక బద్ద అదనముగా వేయించినను ఇరుసు పట్టు తప్పదు. ఖాళీ లారీ గంతులు వేయుట వేరే సంగతి. ఆ బాధ డ్రైవరుకే తెలియును. అరిగిన బద్దలు కమ్మరికొలిమిలో కొడవళ్ళుగా, గొడ్డళ్ళుగా మారి మరల మన పొలములకే వచ్చుట చూచినవారికి ఆ ఉక్కు ఎంత గట్టిదో చెప్పనక్కరలేదు.

2014 వరకు తయారైన అంబాసిడరు కారునకును వెనుక కమానులే. 2010లో వచ్చిన థార్ జీపునకును వెనుక కమానులే. 2020లో వచ్చిన క్రొత్త థార్‌నకు మాత్రము ఆ పద్ధతి మారినది. వెనుక ఇరుసు ఒకటే బిగువు దూలము వలె నున్నను, దానిపై కమానులు లేవు. షాక్ అబ్సార్బరు చుట్టును చుట్టస్ప్రింగు అమర్చియున్నది. చుట్టస్ప్రింగు క్రిందినుండి పైకి నెట్టుట తప్ప వేరేమియు నెరుగదు. ఇరుసు ముందునకు పోవునా, ప్రక్కకు జరుగునా యనునది దాని పని కాదు. ఆ పనికి వేరుగా కడ్డీలు పెట్టవలసివచ్చినది. ఒకచేతి పని రెండు చేతులకు పంచబడినది. పంచుకొన్నచోట ఒప్పందము కావలెను గదా!

ఈ ఒప్పందమును ముందుగా క్షుణ్ణముగా చదివినవారు పందెపు కార్లవారు. మన కర్నూలు, కడపలకు దూరమైన విద్యయే యైనను, మద్రాసు చెంతనున్న షోలవరము పాత విమానస్థలముమీద ఒకప్పుడు జరిగిన పందెములను చూచివచ్చిన మెకానిక్కులకు అది క్రొత్తది కాదు. పందెపు కారునకు స్ప్రింగు మార్చినపుడు కడ్డీ పొడవును, కోణమును మరల చూచుకొనుట పరిపాటి. నేడు అటువంటి స్ప్రింగులే అంగడిలో దొరకుచున్నవి. మన కుర్రవారు గండికోటకు, నల్లమలకు పోవు జీపులను ఎత్తు చేయుటకు వానిని కొనుచున్నారు. స్ప్రింగు వచ్చినది, చదువు దానితో రాలేదు.

మొదట బిగువు సంగతి. రాతిగనిలో గునపముతో బండ లేపువాని చేయి జానెడు దిగిన బండ అంగుళము లేచును. బండిలోను ఇట్టి తులాదండమే గలదు. చక్రమును పట్టిన చేతికడ్డీ చట్రమువైపు కీలునుండి చక్రమువరకు 40 సెంటీమీటర్లనుకొందము. స్ప్రింగు ఆ కీలునుండి 30 సెంటీమీటర్ల చోట కూర్చున్నది. చక్రము 4 సెంటీమీటర్లు లేచిన స్ప్రింగు 3 సెంటీమీటర్లే నలుగును. సెంటీమీటరు నలుగుటకు 40 కిలోల బరువు కోరు స్ప్రింగైనచో, అప్పుడు అది 120 కిలోలతో త్రోయును. అదియు చక్రముకడకు వచ్చుసరికి ముప్పాతికయై 90 కిలోలగును. అనగా చక్రమునకు తెలిసిన బిగువు సెంటీమీటరుకు ఇరువదిరెండున్నర కిలోలు మాత్రమే. అదే స్ప్రింగును 20 సెంటీమీటర్ల చోట కూర్చుండబెట్టినచో 10 కిలోలే మిగులును. కావున స్నేహితుని బండిలో హాయిగా నున్న స్ప్రింగు మన బండిలోను హాయిగా నుండునని తలచుటకు ఆధారము లేదు. కడ్డీ కొలత తెలియక స్ప్రింగు సంఖ్యను చదువుట, వడ్డీ ధర్మము తెలియక అప్పుపత్రము చదువుట వంటిది.

ఇచట రెండు అపోహలను గూడ చెప్పవలసియున్నది. బండిని క్రిందికి దింపుటకు కొందరు స్ప్రింగును కోయింతురు. కోసిన స్ప్రింగు మెత్తబడునని వారి నమ్మకము. నిజము దీనికి విరుద్ధము. పనిచేయు చుట్లు 8 ఉన్న స్ప్రింగులో 2 కోసివేసినచో, మిగిలిన 6 చుట్లు మునుపటికంటె మూడవవంతు ఎక్కువ బిగువుగా నుండును. రెండవది, మరచుట్టు గల స్ప్రింగులది. చుట్టును త్రిప్పి పైకెక్కించిన స్ప్రింగు గట్టిపడినదని సంతోషింతురు. చుట్ల ఎడము సమానముగా నున్న స్ప్రింగైనచో మారినది ఎత్తే గాని బిగువు కాదు.

ఇక ఎత్తు మారిన కడ్డీకి ఏమగును? ఇరుసు ప్రక్కకు జరుగకుండ ఒక అడ్డుకడ్డీ పెట్టు పద్ధతి పెక్కు బండ్లలో గలదు. దాని ఒక కొన చట్రమునకు, రెండవ కొన ఇరుసునకు తగిలియుండును. ఇరుసు లేచి దిగునపుడు కడ్డీ కొన వృత్తఖండముమీద నడచును. అనగా ఇరుసు కొద్దిగా ప్రక్కకును జరుగును. కడ్డీ పొడవు 90 సెంటీమీటర్లు, బండి నిలిచియున్నపుడు అది సమముగా నున్నదనుకొందము. చక్రము 5 సెంటీమీటర్లు గుంటలోనికి దిగిన ఇరుసు మిల్లీమీటరున్నర కూడ జరుగదు. ఇప్పుడు క్రొత్త స్ప్రింగులతో బండిని 5 సెంటీమీటర్లు ఎత్తు చేసినాము. కడ్డీ నిలుకడలోనే ఏటవాలైనది. అదే గుంటలోనికి చక్రము మరల 5 సెంటీమీటర్లు దిగినచో ఇరుసు ఇంచుమించు 4 మిల్లీమీటర్లు ప్రక్కకు జరుగును. గుంట అదే, మునుపటికి మూడింతల జరుగుడు. మలుపులో నుండగా వెనుక చక్రములు ఇట్లు ప్రక్కకు తన్నినపుడు డ్రైవరు స్టీరింగును తప్పుపట్టును. స్టీరింగు పాప మేమియు చేసియుండదు.

ఆవిరియంత్రము కొరకు జేమ్స్ వాట్ 1784లో ఒక కడ్డీల అల్లికను కనిపెట్టెను. నడిమి బిందువును దాదాపు తిన్నని గీతమీద నడిపించుట దాని గుణము. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ వెనుక ఇరుసుకడ ఆ అల్లికయే యున్నది. అయినను అదియు ఒక నియతమైన ఎత్తునకు అమర్చినదే. మిక్కిలి ఎత్తు చేసినచో ఆ తిన్ననితనము దానికిని చెడును.

అన్నిటికంటె ప్రాణముతో ముడిపడిన కడ్డీ మరొకటి గలదు. అనేక పికప్ బండ్లలోను, కొన్ని లారీలలోను వెనుక బ్రేకుకు ఒక కవాటముండును. దానినుండి ఒక సన్నని కడ్డీ వచ్చి ఇరుసునకు తగిలియుండును. బండి దిగినకొలది బరువు హెచ్చినదని గ్రహించి కవాటము వెనుక బ్రేకునకు ఎక్కువ ఒత్తిడి నిచ్చును. లేచియున్నచో ఖాళీబండి యని తగ్గించును. ఇప్పుడు బరువునకు లొంగని బద్దలు వేసి, లేదా ఎత్తు స్ప్రింగులు పెట్టి, ఆ కడ్డీని ఉన్నట్లే విడిచితిమనుకొనుడు. బండినిండ నాపబండలున్నను కవాటమునకు బండి ఖాళీగనే కనబడును. కడప నుండి రాయచోటికి పోవు గువ్వలచెరువు ఘాటులోగాని, నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమల ఘాటులోగాని దిగుచుండగా వెనుక బ్రేకు సగము నిద్రలో నుండును. పనియంతయు ముందు బ్రేకులమీద పడి అవి కాగిపోవును. గువ్వలచెరువు పాలకోవకు ఆగువారు ఆ కొండ మలుపులను చూచియే యుందురు. బ్రేకు తప్పిన బరువుబండికి అచట చోటు లేదు. స్ప్రింగుపని చేయించిన దినముననే ఈ కవాటపు కడ్డీని తయారీదారు కొలతప్రకారము మరల సరిచేయించవలెను. కొలత తెలియనిచోట ఊహతో వంచరాదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. ఎత్తు చేయు ఉత్సాహమున్నవారు ముందుగా దీనిని విచారించుకొనుట మేలు. పాత స్ప్రింగు అలసి క్రొత్తది వేయించువారైనచో అదే బండికి చెప్పిన స్ప్రింగును, రెండువైపులకు జతగా, అరిగిన షాక్ అబ్సార్బర్లతో గూడ మార్పించుకొనవలెను.

పనివానికి చెప్పవలసిన చిన్నమాట ఒకటి మిగిలినది. కడ్డీల కొనలలో రబ్బరు బుష్షులుండును. బండిని జాకీలమీద ఎత్తి, చక్రములు వ్రేలాడుచుండగానే బోల్టులు గట్టిగా బిగించుట తరచుగా జరుగుచున్నది. అట్లు బిగించిన రబ్బరు, బండి నేలకు దిగిన క్షణమునుండి మెలిపడియే యుండి త్వరలో చినుగును. బోల్టులను వదులుగా నుంచి, బండిని దింపి, దాని బరువుమీద నిలిపి, రెండుమూడుసార్లు ఊపిన పిమ్మట బిగింపుమనవలెను. ఇందులకు కావలసినది పావుగంట. క్రింద దూరి పనిచేయుటకు ఒక గుంటయున్న షెడ్డు.