మూటలతో నడిచిన మా మొదటి ప్రయాణం

(కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సందర్భంగా పెద్దలందరు సంఘ చరిత్రను గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం మన యువజనులు వేరొక పని అప్పగించినారు. ఈనాడు పట్నాలలో కుటుంబాలు వీపున సంచులు తగిలించుకొని కొండలకు, జలపాతాలకు కాలినడకన వెళ్ళుచున్నవి. "మీ చిన్నతనంలో ఇటువంటివి ఉండేవా?" అని వారు అడిగినారు. ఉండేవి. అయితే వాటికి మేము పెట్టుకొన్న పేరు ప్రయాణమే. వినోదము కొరకు ఎవరూ నడిచేవారు కారు. బస్సు లేదు గనుక నడిచేవారు. రైలు ఉన్నదంటే అది పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా పోయేది. దానికి పడమట ఉన్న పల్లెలకు ఎడ్లబండి, లేకుంటే రెండు కాళ్ళు, ఇవే ఆధారము.

మా కుటుంబమంతా కలిసి మూటలతో నడిచిన మొదటి ప్రయాణము 1961 జనవరి మొదటి వారంలో జరిగినది. నాకు తొమ్మిదేండ్లు, అక్కకు పన్నెండు, తమ్మునికి నాలుగు. నాయన ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. మా ఊరు ఇప్పటి జగిత్యాల జిల్లాలో, బీర్పూరు దగ్గర. అప్పుడది కరీంనగర్ జిల్లా. మేము వెళ్ళవలసినది గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాలో, జన్నారం దాటి ఉట్నూరు తోవలో అడవి లోపల ఉన్న ఒక పల్లెకు. మా మేనత్త అక్కడ ఉండేది. మామ అటవీశాఖ కలప డిపోలో కాపలా పని చేసేవాడు.

వెళ్ళడానికి కారణము సంతోషకరమైనది కాదు. అంతకుముందు వానకాలంలో అత్త తన ఒక్కగానొక్క బిడ్డను జ్వరంతో పోగొట్టుకొన్నది. కార్డు మాకు చేరేసరికి రెండు వారాలు గడిచినవి. వాగులన్నీ పొంగుతున్నవి. తల్లి బిడ్డ దగ్గరకు పోలేకపోయింది. మా నాయనమ్మ ఆ వానకాలమంతా ఆ మాట ఎత్తలేదు. పండుగ ఆరాధన ముగిసిన మరునాడు మాత్రం, "నేను పోత. మీరు వస్తె రాండ్రి, లేకుంటె లేదు" అన్నది. నాయన క్రిస్మస్ సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని, అందరమూ పోదామని నిర్ణయించినాడు.

ఏమేమి తీసుకొనిపోయినామో పిల్లలకు వివరంగా చెప్పుతాను. సద్దికి జొన్న రొట్టెలు, సర్వపిండి, వేయించిన శనగలు, ఉల్లిగడ్డలు, మిరపకారము, చింతపండు. వండుకొనుటకు బియ్యము, ఒక గిన్నె, ఒక రాగి చెంబు. నీళ్ళకు సొరకాయ బుర్రలు రెండు. చలికి గొంగళ్ళు. ఒక కందీలు, అగ్గిపెట్టె, కాళ్ళకు రాయడానికి సీసాలో ఆముదము. బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము. వీటికి తోడు అత్త ఇంటి కొరకు ఉప్పు, ఎండుమిరపకాయలు. అడవి పల్లెలకు అంగడి దూరము గనుక అటు పోయే చుట్టము ఉప్పు మోసుకొని పోవుట ఆనాటి మర్యాద.

నాయన దగ్గర అంగట్లో కొన్న ఒక పాత మిలిటరీ సంచి ఉండేది, రెండు పట్టీలు భుజాలకు తగిలించుకొనేది. గిన్నె, బియ్యము అందులో. మిగిలినవి మూటలు. కిరాణా దుకాణము నుండి తరాజు అడిగి తెచ్చి నాయన ప్రతి మూటను తూచినాడు. అక్కకు నాలుగు సేర్లు, నాకు మూడు సేర్లు. తమ్మునికి ఏమీ లేదని వాడు ఏడిస్తే అగ్గిపెట్టె వాని అంగీ జేబులో వేసి గుండీ పెట్టినారు. ఆ ప్రయాణమంతా వాడు ఆ జేబు మీద చేయి తీయలేదు. నాయనమ్మ మాత్రం తన మూటను తరాజులో పెట్టనివ్వలేదు. "నా బరువు నాకెరుక" అన్నది.

మొదటి రోజు కమ్మునూరు దగ్గర గోదావరి దాటినాము. ఎగువన పోచంపాడు ఆనకట్ట అప్పటికి లేదు, దానికి శంకుస్థాపన 1963లో జరిగినది. ఒక పాయను మోకాలు లోతు నీళ్ళలో నడిచి, ఇసుకతిప్ప మీద ఎండలో ఆరి, రెండవ పాయను నాటు పడవలో దాటినాము. అవతలి ఒడ్డున కలమడుగు. ఆ రాత్రి అక్కడ మాకు తెలిసినవారి పశువుల కొట్టంలో గడ్డి పరచుకొని పడుకొన్నాము. అవ్వ అందరి కాళ్ళకు ఆముదము రాసింది. నాయన కందీలు వెలుతురులో నూట ఇరువది ఒకటవ కీర్తన చదివినాడు. కొండలు ఇంకా దూరంగానే ఉన్నవి.

మరునాడు తెల్లవారి మేమొక దృశ్యము చూసినాము. తెల్లని వస్త్రాలు ధరించి, చెప్పులు లేకుండ, ఒకరి వెనుక ఒకరు వరుసగా నడిచిపోతున్న గోండులు. వారు మెస్రం వంశమువారు. ఏటేటా పుష్యమాసంలో కేస్లాపూర్ నుండి కాలినడకన వచ్చి, కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి జలమును ఝారిలో నింపుకొని, నడిచే తిరిగి పోతారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీటితో నాగోబా పూజ జరుగుతుంది. కేస్లాపూర్‌లో వారి కుటుంబాలు బండ్లు కట్టుకొని వచ్చి మర్రిచెట్ల కింద విడిది చేస్తాయి. కొత్తగా వచ్చిన కోడండ్లను పెద్దలకు పరిచయము చేయుట కూడ ఆ జాతరలో ఒక ముఖ్యమైన కార్యము. ఈనాటికీ ఇది ఆగలేదు.

నాయన మమ్ములను తోవ పక్కకు జరిపి నిలబెట్టినాడు. వారి వరుస మధ్యలో ఎవరూ దాటగూడదన్నాడు. "వాళ్ళు మొక్కే దేవుడు వేరు, మనం మొక్కే దేవుడు వేరు. కాని ఇంత దూరము ఉత్తకాళ్ళతో నడిచేవాని ముందు నిలబడి తోవ ఇయ్యాలె" అని చెప్పినాడు. మతమును గురించి మా నాయన నాకు చెప్పిన మొదటి పాఠము అదే. బడిలో గాని, సండే స్కూలులో గాని కాదు, తోవ పక్కన ముళ్ళకంప దగ్గర నిలబడి నేర్చుకొన్నది.

మధ్యాహ్నానికి జన్నారం దాటినాము. అక్కడినుండి టేకు అడవి. కవ్వాల్ అడవిని అభయారణ్యంగా 1965లో ప్రకటించినారు, 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా చేసినారు. 1961లో ఏ ప్రకటనా లేదు, పులులు మాత్రం ఉండేవి. అందుచేత పొద్దు గూకకముందే ఊరు చేరవలె. బుర్రలలో నీళ్ళు అయిపోయినవి. నాయన ఒక ఎండిన వాగులో దిగి, ఇసుకలో చేతులతో మోచేయి లోతు చెలిమె తవ్వినాడు. మొదట బురదనీళ్ళు వచ్చినవి. వాటిని చెంబుతో తోడి పారబోసి కొంతసేపు ఆగితే తేటనీళ్ళు ఊరినవి. ఆగడమే అందులో కష్టము. దాహంతో ఉన్న పిల్లలకు ఆ కాసేపు ఒక పూటవలె ఉండేది.

ఆ సాయంత్రమే తమ్ముని ఒళ్ళు కాలిపోసాగింది. అత్త బిడ్డ జ్వరంతోనే పోయినదని మాకందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అవ్వ వానిని చంకనెత్తుకొని, తన మూట నాయనకిచ్చి, పరుగువంటి నడక నడిచింది. దీపాలు పెట్టే వేళకు ఒక గోండు గూడెము చేరినాము. "రాం రాం" అని పలకరించి, పిల్లవానిని చూచి, ఒక ఇంటి యజమాని మారుమాట లేకుండ మమ్ములను తన పంచలోకి తీసుకొన్నాడు. మలేరియా నిర్మూలన పథకము దేశములో 1958లో మొదలైనది. మందు కొట్టినవారు తారీఖులు రాసిపోయిన గుర్తులు ఆ ఇంటి గోడ మీద ఉన్నవి. నాయన తన దగ్గరున్న జ్వరము బిళ్ళ అరగదీసి పట్టించినాడు. పిల్లవాడు చలికి వణుకుతున్నాడు. ఆదిలాబాద్ చలి మీకు తెలియనిది కాదు. నెగడు వేసినారు, గొంగళ్ళన్నీ కప్పినారు, అయినా వణుకు ఆగలేదు.

అప్పుడు నాయనమ్మ తన మూట విప్పింది. అందులో ఆమె బట్టలు ఒక్క జతయే. మిగిలినదంతా ఒక బొంత. పాత చీరలు పొరలు పొరలుగా పరచి, వానకాలమంతా కూర్చుండి కుట్టిన బొంత. బిడ్డ దగ్గరకు పోలేని రోజులన్నీ ఆమె అందులో కుట్టిపెట్టింది. దానిని తీసి మనుమని మీద కప్పింది.

ఆ రాత్రి ఇంకొక పని జరిగింది. నాయన ఉపాధ్యాయుడని, నిజాం కాలంలో ఉర్దూ చదివినవాడని తెలిసి, ఇంటి యజమాని నెమ్మదిగా తన కథ చెప్పినాడు. ఐదెకరాల చేను. కరువు ఏట జొన్నలు అప్పు తెచ్చినాడు. అప్పు పెరిగి, చివరకు చేను షావుకారు చేతిలోకి పోయింది. కాగితము మీద ఏమి రాసి వేలిముద్ర వేయించుకొన్నారో ఆయనకు తెలియదు. తహసీల్దారుకు ఒక దరఖాస్తు రాసిపెట్టుమని అడిగినాడు. నాయన అక్క నోటుబుక్కులోనుండి రెండు కాగితాలు చింపి, కందీలు దగ్గర కూర్చుండి రాసినాడు. రాసినదంతా చదివి, తెలుగులో అర్థము చెప్పి, ఆయన కాదన్నచోట దిద్ది, మళ్ళీ మంచిప్రతి రాసినాడు. ఒక పక్క అవ్వ తమ్ముని నుదుట తడిబట్ట మార్చుతున్నది. ఇంకొక పక్క కలము కదులుతున్నది. నేను ఆ రెంటి మధ్య నిద్రపోయినాను.

మరునాడంతా అక్కడే ఆగినాము. సాయంత్రానికి జ్వరము దిగింది. మూడవనాడు తెల్లవారి ఆయన బండి కట్టినాడు. నాయన కిరాయి ఇవ్వబోతే, "పంతులూ, నువ్వు రాసినవు గద, నేను బండి తోల్త" అన్నాడు. అవ్వ ఉప్పులో సగము ఆ ఇంటి ఇల్లాలికి ఇచ్చింది. ఆమె దోసిలి పట్టి తీసుకొన్నది.

అత్త ఇంటి ముందు బండి దిగినప్పుడు తల్లీబిడ్డలు ఒకరినొకరు చూచుకొన్నారు గాని ఏడ్వలేదు. అత్త వేన్నీళ్ళు తెచ్చి తల్లి కాళ్ళు కడిగింది. బొంత మడత విప్పి నాయనమ్మ, "మొన్న రాత్రి నీ అల్లుడు కప్పుకున్నడు, ఏమనుకోకు" అన్నది. అప్పుడు అత్త ఆ బొంతలో ముఖము పెట్టుకొని ఏడ్చింది. తిరుగు ప్రయాణంలో ఆమె మాతో వచ్చి ఎండాకాలము వరకు మా ఇంట్లోనే ఉన్నది. నా మూడు సేర్ల మూట ఆమె మోసింది.

ఇక ఆ చేను సంగతి. గిరిజన ప్రాంతాలలో భూముల బదలాయింపును అదుపుచేసే 1959 నిబంధనను తెలంగాణకు 1963లో వర్తింపజేసినారు. 1970లో దానిని మరింత గట్టిచేసినారు. 1962లో మేము మళ్ళీ ఆ తోవన పోయినప్పుడు ఆయన తన చేనులోనే కూలికి కలుపు తీస్తున్నాడు. దరఖాస్తుకు జవాబు రాలేదు. అయినా మమ్ములను చూచి బండి కట్టనా అని అడిగినాడు. ఆ మాట విన్న తరువాత నాయన చాలా దూరము ఎవరితోనూ మాట్లాడలేదు. అటుపిమ్మట ఉద్యోగ విరమణ చేయువరకు ఆదివారము సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద ఎవరు వచ్చినా దరఖాస్తులు ఉచితంగా రాసిపెట్టేవాడు. మన సంఘస్థులలో పెద్దలకు ఆ అరుగు గుర్తుండి ఉంటుంది. దానికి పునాది ఆ గూడెంలో పడినది.

ప్రియులారా, ఇప్పుడు కమ్మునూరు, కలమడుగుల మధ్య వంతెన ఉన్నది. మేము నాలుగవ రోజున చేరిన ఊరికి కారులో ఒక పూటలో చేరవచ్చును. అది మంచిదే. జ్వరము వచ్చిన పిల్లవానిని చంకన వేసుకొని పరుగెత్తే తల్లి మరెక్కడా ఉండకూడదనే నా ప్రార్థన కూడ. నడకే గొప్ప, బండి తక్కువ అని నేను చెప్పడము లేదు. కాని నడిచేవాడు తోవలో ఉన్నవారి పంచలో కూర్చుంటాడు. వారి గోడ చూస్తాడు, వారి మాట వింటాడు. కారులో పోయేవానికి అది ఒక గూడెము, అంతే.

కనుక పిల్లలను నడిపించదలచిన తల్లిదండ్రులకు నాలుగు మాటలు. ప్రతి బిడ్డకు తూచి ఒక బరువు ఇవ్వండి, అతి చిన్నవానికి అగ్గిపెట్టె అయినా సరే. ముసలివారిని ఇంట్లో వదిలిపోకండి. తోవ వారికి తెలుసు, మూటలో ఏమి పెట్టవలెనో కూడ తెలుసు. అడవిలోకి అటవీశాఖ అనుమతితోనే పోవలెను, తీసుకొనిపోయిన ప్లాస్టిక్ తిరిగి తేవలెను. కుంటాల వంటి జలపాతాల గుండాలలో దిగవద్దు, అక్కడ ఎందరో బిడ్డలు మునిగిపోయినారు. నాలుగవది, మీ సంచిలో మీకు కానిది ఒకటి పెట్టుకోండి. ఈ రోజులలో అది ఉప్పు కానక్కరలేదు. ఒక కలము, రెండు తెల్ల కాగితాలు, వినడానికి ఒక గంట తీరిక, ఇవి చాలు. ఆ కలము అవసరమైన ఇండ్లు ఆ తోవలో ఇంకా ఉన్నవి.