గన్నేరు ఒకటి కాదు, మూడు!

ముందుగా ఒక చిన్న ప్రశ్న. వేప, కరివేప చుట్టాలేనా?

పేరు చూస్తే అట్లనే అనిపిస్తది. కానీ కాదు! వేపది మీలియేసి కుటుంబం. కరివేపది, అదే మన కల్యమాకుది, రూటేసి కుటుంబం. నిమ్మ, బత్తాయి, మారేడు కూడా ఇందులోనివే. నమ్మకం లేదా? నిమ్మాకును, కల్యమాకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రెండిట్లో సన్నటి చుక్కలు కనిపిస్తయి. అవి నూనె గ్రంథులు. ఆ వాసన అక్కడి నుంచే వస్తది.

ఇంకోటి. బతుకమ్మకు మనం పేర్చే గునుగు పువ్వు ఉంది కదా, అది తోటకూర కుటుంబమే, అమరాంథేసి. పేర్లలో ఎక్కడా పోలిక లేదు. కానీ తోటకూర పూత కంకిని పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తది. అంటే, కుటుంబాన్ని చెప్పేది పేరు కాదు. పువ్వు, కాయ, గింజ. ఇప్పుడైతే డీఎన్ఏ కూడా.

ఇదంతా మనకెందుకు అంటారా? వాట్సాప్‌లో "షుగర్‌కు గన్నేరు ఆకు నమలండి" అని మెసేజ్ వస్తది. ఏ గన్నేరు?

రోడ్డు డివైడర్ల మీద పూసేది గన్నేరు, నీరియం ఒలియాండర్. పసుపు గంటల్లా పూసేది పచ్చ గన్నేరు, కాస్కబెలా థెవీషియా. కుండీల్లో పెంచేది బిళ్ల గన్నేరు, కేథరాంథస్ రోసియస్. మూడూ అపోసైనేసి కుటుంబమే. కానీ మొదటి రెండిట్లో ఉన్న విషం నేరుగా గుండె మీద పనిచేస్తది, ప్రాణమే పోవచ్చు. బిళ్ల గన్నేరు నుంచి బ్లడ్ క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు తీస్తరు, నిజమే. అది శుద్ధి చేసి, కొలత చూసి, డాక్టర్లు నరంలోకి ఎక్కించే మందు. ఆకు నమలడం, అదీ ఒకటి కాదు.

అందుకే 1753లో లిన్నేయస్ ప్రతి మొక్కకు రెండు మాటల పేరు పద్ధతి పెట్టిండు. ఊరు మారినా ఆ పేరు మారదు.

ఈసారి మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కటే అడగండి: "దీని శాస్త్రీయ నామం ఏంది?" ఎవరైనా పొరపాటున తింటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ ఆకో, కాయో వెంట తీసుకుపోండి.

ఈ ముచ్చట ఇంట్లో అమ్మమ్మకు, నాయనమ్మకు కూడా చెప్పండి. మళ్లీ కలుద్దాం!